ఏడో మేకు

నడక తనిఖీ ఆఫీసు, మూడో పేట
జూన్ 6

చిరంజీవి బావమరిదికి,

మీ అక్క కులాసా, నేను కులాసా. నువ్వూ కులాసాగానే ఉండి ఉంటావు, లేకపోతే ఈపాటికి మందో మాకో పంపమని ఉత్తరం వచ్చేది.

ఇది ఇంటి ఉత్తరం కాదు, ఆఫీసు ఉత్తరం. కానీ బావమరిదికి రాస్తూ ‘గౌరవనీయులైన’ అని మొదలుపెట్టడానికి చెయ్యి రాలేదు. పై అధికారి చదివి, నవ్వి, పోనివ్వమన్నారు.

పోయిన శుక్రవారం మా పేట కవాతు మైదానానికి కొత్తగా సిమెంటు పోశారు. పచ్చి సిమెంటు మీద ఎవరో నడిచారు. మైదానం చుట్టూ పసుపు గీత ఉంది, దాని మీదే వెళ్ళాలని నడక వచ్చిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ తెలుసు. ఈ మనిషి మాత్రం ఒక మూల అడ్డంపడి పోయాడు. తొమ్మిది అడుగులు. ఒకచోట ఆగి వెనక్కి తిరిగి చూసుకున్నట్టుగా మడమ మెలిపడి ఉంది.

అచ్చు బొమ్మ గీయించి దీనితో పంపుతున్నాను. బూట్లన్నీ ఒకటే రకం గనక మామూలుగా అయితే ఏమీ తేలేది కాదు. కానీ ఎడమ మడమలో మేకులు ఏడున్నాయి. చుట్టూ ఆరు, మధ్యలో ఒకటి. నియమం ఆరే కదా? ఏడో మేకు ఎవరు కొడతారు, ఎందుకు కొడతారు, అది ఎవరి బూటు? మా పేట బూట్లన్నీ మీ షెడ్డుకే వస్తాయి గనక పది రోజుల్లో నీ అభిప్రాయం రాయి. దొరికిన మనిషిని సవరణ శిబిరానికి పంపుతారు. మా మేడ మీద టైపిస్టు సంగతి నీకు తెలిసిందే.

నవంబరు నడక పరీక్షకి ఈసారి కూడా ముందునడక మనిషిని నేనే. ఇది పన్నెండో ఏడు. వెనక నాలుగు వందల పదకొండు మంది నా మడమల మీంచి కళ్ళు తియ్యకుండా, నేను ఎలా వేస్తే అలా అడుగు వెయ్యాలి. ఇంట్లో నా మాట వినే దిక్కు లేదు గానీ బయట ఊరంతా నా మడమలకి దణ్ణం పెడుతోందని మీ అక్క ఎగతాళి.

మీ బావ

*

బూట్ల మరమ్మతు షెడ్డు, రెండో వరస, కిటికీ పక్క బల్ల
జూన్ 11

బావకి,

బొమ్మ అందింది. గీసినవాడెవడో గానీ బూటు గియ్యమంటే తాబేలుని గీశాడు.

నా అభిప్రాయం అడిగావు గనక చెబుతున్నాను. ఏడోది మేకు కాదు, సిమెంటులో గులకరాయి. మడమ మధ్యలో మేకు కొడితే తోలు చీలుతుంది, పని తెలిసినవాడెవడూ కొట్టడు. మా నాన్న కొట్టలేదు, నేను కొట్టలేదు, మా షెడ్డులో ఎవరూ కొట్టరు. పుస్తకంలో ఆరు అని ఉంది. ఆరే కొడతాం.

ఈ పని మొదలుపెట్టి ఇరవై ఏడేళ్లయింది. మనిషి మొహం చూస్తే పేరు గుర్తురాదు గానీ బూటు తిరగేస్తే ఎవరిదో చెప్పేస్తాను. తొందరపడేవాడు ముని వేళ్ళ దగ్గర అరగదీస్తాడు, భయస్తుడు మడమ వెనక అరగదీస్తాడు. నీ బూట్లు నాలుగు వైపులా సమానంగా అరుగుతాయి. కొత్తగా చేరినవాళ్ళకి వాటినే నమూనాగా చూపిస్తాం. అంత చప్పగా అరిగే బూటు ఇంకోటి లేదు. అలాంటి నేనే ఈ బొమ్మ చూసి ఏమీ చెప్పలేకపోతున్నానంటే ఇందులో ఏమీ లేదని అర్థం.

అక్క లాండ్రీలో ఇంకా నిలబడే పని చేస్తోందా? కూర్చునే పనికి మార్చమని అడుగుతానన్నావు. అక్కని అడిగానని చెప్పు.

నీ బావమరిది

*

నడక తనిఖీ ఆఫీసు, మూడో పేట
జూన్ 16

బావమరిదికి,

నీ జవాబు పై అధికారికి చూపించాను. ‘బూటు తిరగేస్తే ఎవరిదో చెప్పేస్తాను’ అన్న వాక్యం కింద ఆయన ఎర్ర సిరాతో గీత గీశారు. బొమ్మ చాలకపోతే పోత పంపుదామన్నారు. ఆ ఎడమ అడుగుకి సున్నంతో పోత పోయించి చెక్కపెట్టెలో పంపుతున్నాను. అరుగుదల స్పష్టంగా ఉంది, బయటి అంచు ఎక్కువ అరిగింది. గులకరాయి కాదు, మేకే. నేను వేలు పెట్టి చూశాను.

నెలాఖరులోగా మనిషి ఎవరో రాయాలి. తెలిసి రాయకపోతే రాయనివాడు కూడా శిబిరానికి వెళ్తాడని నీకు గుర్తుచెయ్యమన్నారు. గుర్తుచేస్తున్నాను.

మీ అక్క పని మార్చమని దరఖాస్తు ఇవ్వలేదు. కారణం అడుగుతారు కదా.

మీ బావ

*

బూట్ల మరమ్మతు షెడ్డు
జూన్ 21

గౌరవనీయులైన నడక తనిఖీ ఆఫీసు గుమస్తా గారికి,

తమరు పంపిన పోత అందింది. పరిశీలించాను. ఈ అరుగుదల ఎవరిదో నాకు తెలియదు.

తమరి ఉత్సాహం నాకు కొత్త కాదు. రెండేళ్ల కింద తమరి మేడ మీద టైపిస్టు పొట్టి పొట్టి అడుగులు వేస్తోందని నివేదిక రాసింది తమరే. ఆవిడ తిరిగొచ్చాక పోయినేడు తమరి ఇంటికొచ్చినప్పుడు మెట్ల మీద చూశాను. ఒక్కో మెట్టుకీ పెదవులు కదిపి లెక్కపెట్టుకుంటోంది. ఆగమన్నా లెక్క ఆపలేకపోయింది. తమరు పక్కనే ఉన్నారు, తలుపు తాళం తీసుకుంటూ.

తమరి ఇంట్లో అందరి క్షేమం కోరుతూ,

మరమ్మతు పనివాడు

*

(కుడి బూటు లోపలి అట్ట కింద)

ఇల్లు, వంటగది
జూన్ 25

ఒరేయ్ తిక్కవెధవా,

బూట్లకి కట్టిన చీటీ మీద ‘లోపల నొక్కుకుంటోంది’ అని రాశాను గనక ఇంకొకడి చేతికి ఇవ్వకుండా నువ్వే అట్ట ఊడదీస్తావని నమ్మకం. పోస్టులో వచ్చే ప్రతి అక్షరం మా పై అధికారి చదువుతాడు. నీకు ఆ పోత ఎందుకు పంపానని అనుకున్నావు? ఎవరిదో కనుక్కోమనా?

ఎవరిదో నాకు ఆ శుక్రవారమే తెలుసు. సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి మీ అక్క స్టూలు మీద కూర్చుని బూట్లు చూసుకుంటోంది. అడుగున సిమెంటు, ఇంకా తడారలేదు. ఏమిటిదన్నాను. “కాలు లాగేస్తోందండీ, దగ్గర దారి కదా అని వచ్చేశా” అంది. బూట్లు లాక్కుని, కూరలు తరిగే కత్తితో సిమెంటు గీకి, కడిగి, పొయ్యి పక్కన ఆరబెట్టాను. అప్పుడు చూశాను మధ్యలో ఆ మేకు. పద్నాలుగేళ్లుగా ఆవిడ ఎడమ బూటులో నువ్వు ఎత్తు పెడుతున్నావని తెలుసు గానీ దాన్ని పట్టి ఉంచడానికి ఏడో మేకు కావాలని తెలీదు. బొమ్మ గీసినవాడి చేత ఆరే గీయిద్దామనుకున్నాను. నేను ఆఫీసుకి వెళ్ళేసరికే పై అధికారి లెక్కపెట్టేశాడు.

నిన్ను అడుగుదామని సలహా ఇచ్చింది నేనే. వేరే షెడ్డువాణ్ణి అడిగితే ఒక్క క్షణంలో ‘ఇది పొట్టి కాలుకి పెట్టే ఎత్తు’ అని రాసిచ్చేవాడు. నువ్వేమో తెలియదని ఒక్క ముక్క రాసి ఊరుకోకుండా ఇరవై ఏడేళ్ల గొప్పలన్నీ రాశావు. నీ గొప్పలు నీ దగ్గరే పెట్టుకోలేవూ?

శిబిరంలో పొట్టి కాలుకి ఏం చేస్తారో ఫైలులో చదివాను. ఎముక విరిచి, లాగి, మళ్ళీ అతికిస్తారు. రెండుసార్లు, మూడుసార్లు, సరిపడేదాకా. ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషికి. నాకు నిద్ర లేదు.

టైపిస్టు గురించి నువ్వు రాసింది నిజమే. నేనే రాశాను. ఆ నెల ఎవరో ఒకరి పేరు రాయకపోతే ఇల్లిల్లూ తనిఖీ చేస్తామన్నారు. మా ఇల్లూ అందులో ఉంది. ఇది సాకు కాదు, జరిగింది చెబుతున్నాను.

ఏదో ఒకటి ఆలోచించు. జవాబు అదే బూటులో పంపు. ఇది పొయ్యిలో వెయ్యి.

*

(కుడి బూటు లోపలి అట్ట కింద)

షెడ్డు
జూలై 2

బావా,

రెండు రోజులు నీ ఉత్తరం పట్టుకుని తిరిగాను. తిట్టినందుకు క్షమించమని అడగను, నువ్వు కూడా తిక్కవెధవా అన్నావు గనక చెల్లుకి చెల్లు. కానీ నిన్ను నమ్మలేకపోయినందుకు సిగ్గుగా ఉంది.

అక్క ఆరేళ్లప్పుడు డాబా మెట్ల మీంచి పడింది. నేను తోశాను. ఎవరికీ చెప్పలేదు, నాన్నకి తప్ప. ఎడమ కాలు బొటనవేలంత పొట్టి అయింది. నడక నియమాలు వచ్చిన ఏడాది నాన్న ఎత్తు పెట్టడం కనిపెట్టాడు. ఆయన పోతూ నాకు ఆకురాయి, సుత్తి, అక్క కాలి కొలత ఇచ్చి పోయాడు. ఇప్పుడు అర్థమైందా, ఆ పోత చూసి నాకు ఎలా ఉండి ఉంటుందో? బల్ల మీద పెట్టుకుని చూస్తే నా తప్పే నా ముందు నిలబడినట్టుంది.

ఒక దారి కనపడింది. ఆగస్టులో మీ పేట బూట్లన్నీ మడమలు మార్చడానికి వస్తాయి కదా. నాలుగు వందల పన్నెండు జతలు. అన్నిటికీ ఎడమ మడమలో ఏడో మేకు కొట్టేస్తాను, బయటి అంచు ఆకురాయితో అరగదీస్తాను. అప్పుడు పోతతో పోల్చి చూసుకోమను, ఎన్ని జతలు కావాలంటే అన్ని దొరుకుతాయి. ఎందుకు కొట్టావంటే గోదాము పంపిన తోలు పలచగా ఉంది, ఊడిపోతోంది అంటాను. తోలు నిజంగానే పలచగా ఉంది. ఈ సంగతి ముందుగానే పోస్టులో రాస్తాను, మీ పై అధికారి చదువుకుంటాడు.

అక్క ఎందుకలా నడిచింది? దగ్గర దారి అంటే నేను నమ్మను. ఆగి వెనక్కి చూసింది కదా.

*

(కుడి బూటు లోపలి అట్ట కింద)

ఇల్లు, వంటగది
సెప్టెంబరు 9

ఒరేయ్,

బూట్లు వచ్చాయి, పేటంతా వేసుకుంది. పాలబూతు ఆవిడ దగ్గర నుంచి స్కూలు హెడ్మాస్టరు దాకా అందరికీ ఏడే. నిన్న వాన తగ్గాక రోడ్డు మీద మట్టిలో చూశాను, ఎక్కడ చూసినా మీ అక్క అడుగులే. ఒక్కణ్ణే నిలబడి నవ్వుకున్నాను. చాలా రోజుల తరవాత.

ఆ నవ్వు ఈ పొద్దున పోయింది. పై అధికారి ఇరవై జతలు విప్పించి పోత పక్కన పెట్టించి చూశాడు. తరవాత, “బూట్లతో మనకేం పని? కాళ్ళున్నాయిగా” అన్నాడు. నవంబరు పరీక్ష ఈసారి ఉత్తి కాళ్ళతో. అదే సిమెంటు మైదానంలో, కాళ్ళకి సుద్దపొడి అద్దించి. ఎవరు ఎలా అడుగేశారో నేల మీదే తెలుస్తుంది. పైనుంచి కొలిచేవాళ్ళు వస్తారు.

నీ మీద తోలు దుర్వినియోగం కింద ఒక కాగితం నడుస్తోంది. దాన్ని నా సొరుగులో అడుగున పెట్టాను.

నువ్వు అడిగింది మీ అక్కని అడిగాను. చాలాసేపు బట్టలు మడతపెట్టుకుంటూ కూర్చుంది. “మొదట నిజంగా కాలు నొప్పేనండీ. నాలుగు అడుగులు వేశాక వెనక్కి చూశా. పుట్టి బుద్ధెరిగాక నేను నడిచినట్టు ఎక్కడా ఆనవాలు లేదు. అక్కడ ఉంది. ఇంకో ఐదు వెయ్యాలనిపించింది” అంది. నాకు కోపం రావాలి. రాలేదు.

ఉత్తి కాళ్ళకి నువ్వేం మేకు కొడతావురా?

*

(కుడి బూటు లోపలి అట్ట కింద)

షెడ్డు
సెప్టెంబరు 17

బావా,

నేను వచ్చేస్తాను. ఏడో మేకు నాదే, పచ్చి సిమెంటు మీద నడిచిందీ నేనే అని రాసిచ్చేస్తాను. ఆ వారం షెడ్డులో సెలవు మీద ఉన్నాను, పాసు లేకుండా వచ్చానంటే నమ్ముతారు. వాళ్ళకి కావలసింది ఒక మనిషి. తోసింది నేను, వెళ్ళాల్సింది నేను.

లేదంటే పరీక్ష రోజు అక్కకి జ్వరం అని డాక్టరు చేత రాయించు. నీకు ఆఫీసులో పన్నెండేళ్ల పలుకుబడి ఉంది, ఏం చేసుకుంటావు దాన్ని? పచ్చడి పెట్టుకుంటావా?

ఎవరో ఒకరి పేరు రాసి గండం గట్టెక్కడం మాత్రం వద్దు. ఇది నువ్వు చేస్తావని కాదు. అయినా రాస్తున్నాను.

*

(కుడి బూటు లోపలి అట్ట కింద)

ఇల్లు, వంటగది
సెప్టెంబరు 28

నాలుగు నెలల్లో మూడుసార్లు బూట్లు పాడుచేసుకున్న ముందునడక మనిషి ఎక్కడా ఉండడు. ఆఫీసులో నవ్వుతున్నారు. ఇక పరీక్షయ్యేదాకా పంపను.

నువ్వు వెళ్తే మీ అక్క కాలు పొడుగవుతుందా? నువ్వు ఒప్పుకున్నా పరీక్ష ఆగదు. ఉత్తి కాళ్ళతో నడిస్తే ఆవిడ పదడుగులు వెయ్యకముందే పట్టుకుంటారు. అప్పుడు ఇద్దరూ పోతారు. జ్వరం అంటే తగ్గాక ఒంటరిగా నడిపిస్తారు, అది ఇంకా చెడ్డది. నువ్వు షెడ్డులో నోరు మూసుకుని కూర్చో. ఇది బావగా చెప్పడం లేదు, బతిమాలుతున్నాను.

నేను ఎవరి పేరూ రాయను. నువ్వు అడిగావు గనక చెబుతున్నాను, అడగాల్సిందే.

మీ అక్క సాయంత్రాలు చెప్పులు లేకుండా తిన్నగా నడవడం అభ్యాసం చేస్తోంది. పొయ్యి దగ్గర నుంచి కిటికీ దాకా ఐదు అడుగులు. మునివేళ్ళ మీద లేచి, పళ్ళు బిగబట్టి. మూడో అడుగుకి చెమట పట్టేస్తుంది. నేను కుర్చీలో కూర్చుని చూస్తుంటాను. ఎడమ కాలు వేసినప్పుడు ఎంత ఒరుగుతుంది, కుడి భుజం ఎంత లేస్తుంది, చెయ్యి ఎక్కడ ఆగుతుంది, అన్నీ చూస్తుంటాను. పద్నాలుగేళ్లుగా రోజూ చూస్తున్నదే. ఇంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు.

“అలా గుడ్లప్పగించి చూడకండి, భయమేస్తోంది” అంటుంది. చూడనీ అన్నాను.

*

ఇల్లు, వంటగది
నవంబరు 14, సాయంత్రం

ఒరేయ్ చిన్నోడా,

ఈ ఉత్తరం పోస్టులో రావడం లేదు, బూటులోనూ రావడం లేదు. బూట్ల బస్తాలు తీసుకొచ్చే లారీ డ్రైవరు తానే అడిగి జేబులో పెట్టుకుంటున్నాడు. అతనూ ఈ పొద్దున వరసలో ఉన్నాడు. రేపు పొద్దున నన్ను శిబిరానికి తీసుకెళ్తారు. కాగితాల మీద మూడు సంతకాలు తక్కువయ్యాయట, ఈ పూటకి ఇంట్లో ఉండమన్నారు. పన్నెండేళ్లు ఆ కాగితాలు నేనే రాశాను, మూడు సంతకాలు ఎప్పుడూ తక్కువవుతాయి.

ముందు ఇది చదువుకో: మీ అక్కకి ఏమీ కాలేదు. ఎదురుగా కూర్చుని ఉంది, నన్ను తిడుతోంది.

పొద్దున తొమ్మిదికి నాలుగు వందల పన్నెండు మంది మైదానం అంచున నిలబడ్డాం. కాళ్ళకి సుద్దపొడి. మీ అక్క పదిహేడో వరసలో. ఈ పక్క పై అధికారి, ఆ పక్క కొలిచేవాళ్ళు ఆరుగురు, చేతుల్లో అట్టలూ పెన్సిళ్ళూ. నేను ఒక్కణ్ణే ముందు. ఈల ఊదారు.

చెప్పకేం, అప్పటిదాకా నేను నిర్ణయించుకోలేదు. రెండు నెలలు చూశానే గానీ చేస్తానని నాకే నమ్మకం లేదు. నా సంగతి నీకు తెలుసు. నా బూట్లు నాలుగు వైపులా సమానంగా అరుగుతాయి. కుడి కాలు మామూలుగా వేశాను. ఎడమ కాలు ఎత్తాను. పెట్టబోయేముందు మెట్ల మీద టైపిస్టు గుర్తొచ్చింది, పెదవులు కదుపుతూ. అప్పుడు మీ అక్క పెట్టినట్టు పెట్టాను. ఒరిగాను. కుడి భుజం లేచింది. మళ్ళీ కుడి, మళ్ళీ ఎడమ.

వెనక చప్పుడు ఒక్కసారి తడబడింది. నియమం ఏమిటి? ముందున్నవాడి మడమల మీంచి కళ్ళు తియ్యకూడదు, వాడు ఎలా వేస్తే అలా వెయ్యాలి. పన్నెండేళ్లుగా అదే నేర్పాం. మొదటి వరస ఒరిగింది. తరవాత రెండోది. నాలుగు వందల మంది భయంతో, కళ్ళార్పకుండా, నన్ను చూసి కుంటుతూ నడిచారు. ధైర్యంతో కాదురా, నిఖార్సయిన భయంతో. హెడ్మాస్టరు అయితే నాకంటే బాగా కుంటుతూ వచ్చాడు. తప్పడుగు ఒక్కటి కూడా లేదు. మీ అక్క కూడా ఒరిగింది, అందరితో పాటు, పళ్ళు బిగబట్టకుండా.

మైదానం అవతలి అంచుకి చేరి వెనక్కి తిరిగాను. నేలంతా తెల్లటి అడుగులు. ఈ మూల నుంచి ఆ మూలకి.

కొలిచేవాళ్ళు చాలాసేపు గుసగుసలాడుకున్నారు. అట్టల మీద రాసుకున్నది నా కళ్ళతో చూశాను: ‘వరసలో తేడా నడక ఏదీ లేదు. తప్పు ముందునడకది మాత్రమే.’ పై అధికారి నా దగ్గరికొచ్చి, “కాలికి ఏమైంది?” అన్నాడు. ఏమీ కాలేదన్నాను. “మరి?” అన్నాడు. “ఇలా కూడా నడవొచ్చండీ” అన్నాను. అంతకంటే మంచి మాట వచ్చి ఉంటే బాగుండేది.

నీ తోలు కాగితం సొరుగులోంచి తీసి పొయ్యిలో వేశాను. అక్కని చూసుకో. భయంగా ఉంది. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు, మీ అక్కకి చెప్పక్కర్లేకుండానే తెలుసు.

బావ

కింద నేను రాస్తున్నాను తమ్ముడూ. ఈ మనిషికి బుద్ధి లేదు. నాతో ఒక్క మాట చెప్పలేదు, చెప్పి ఉంటే కాళ్ళు పట్టుకుని ఆపేదాన్ని. పదిహేడో వరసలోంచి చూశాను. నా నడక నేను ఎప్పుడూ చూసుకోలేదు. బయటినుంచి అలా ఉంటుందా? అంత అసహ్యంగా ఏమీ లేదు. నువ్వు మెట్ల మీంచి తోశావని నాకు అప్పుడే తెలుసు, పిచ్చివాడా. ఇక దాన్ని మొయ్యకు. — అక్క

*

సవరణ శిబిరం, పురుషుల విభాగం
మార్చి 20

బావమరిదికి,

నేను ఇక్కడ బాగున్నాను. భోజనం సమయానికి పెడతారు. శిక్షకులు ఓపికగా ఉన్నారు. నా నడక ఇప్పుడు పూర్తిగా సరిపడింది. తిన్నగా నడవడంలో ఉన్న హాయి నాకు తెలిసివచ్చింది. వెనక నేను చేసిన పనికి సిగ్గుపడుతున్నాను. నీ అక్కగారికి ఇదే మాట చెప్పగలవు.

నా బూట్లు మడమలు మార్చడానికి శిబిరం బస్తాలో పంపారు.

ఇట్లు,
సవరణ పొందినవాడు

*

(కుడి బూటు లోపలి అట్ట కింద)

షెడ్డు, రెండో వరస, కిటికీ పక్క బల్ల
మార్చి 27

బావా,

నీ ఉత్తరం చదివాక ఆ పూట పని చెయ్యలేకపోయాను. అది నీ చేతిరాతే. మాట ఒక్కటీ నీది కాదు. ‘నీ అక్కగారికి’ అట. టైపిస్టులాగే నిన్నూ చేసేశారని అక్కకి ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు ఉత్తరం రాయలేదు.

ఈ పొద్దున శిబిరం బస్తా విప్పాను. నూట ముప్ఫై జతలు, పేర్లు లేవు, అంకెలు కూడా లేవు, అన్నీ కలిపేసి పంపుతారు, వెనక్కొచ్చాక ఎవరివి వాళ్ళే ఏరుకోవాలట. నీవి ఏవో తెలుసుకోవాలంటే అన్నీ తిరగేయాలి. కుడి బూట్లన్నిటికీ లోపలి అట్టలు ఊడదీశాను. కాగితం ముక్క ఒక్కటీ లేదు. అక్కడ కాగితం ఎవరిస్తారు నీకు? అది తోచాక మూర్ఖుణ్ణి అనిపించింది.

ఇక పని మొదలుపెడదామని ఒక్కొక్కటే తిరగేసి చూస్తున్నాను. ఎనభై జతలయ్యాయో, తొంభై అయ్యాయో. ఒక ఎడమ బూటు చేతికొచ్చింది. మడమ బయటి అంచు అరిగి ఉంది, లోపలికి వాలుగా. ముని వేళ్ళ దగ్గర కొత్తగా ఉంది. కుడిది మామూలే. ఈ అరుగుదల ఇరవై ఏడేళ్లలో ఒక్క మనిషి బూటుకే చూశాను, ఆ మనిషి ఇప్పుడు మూడో పేటలో నీ వంటగదిలో ఉంది.

ఒకటి రెండు రోజులు నడిస్తే ఇంత అరగదు. నాలుగు నెలలు. వాళ్ళు తిన్నగా నడిపించిన గంటలు పోగా, చూసేవాడు లేని ప్రతి చోటా, గదిలోనో వసారాలోనో, నువ్వు ఒరిగి నడుస్తూనే ఉన్నావు. ఉత్తరంలో వాళ్ళు చెప్పింది రాశావు. నాకు రాసింది ఇది. చదువుకున్నాను బావా.

రిజిస్టరులో అరుగుదల ఎలా ఉందో రాయాలి. ‘మామూలు’ అని రాశాను. కొత్త మడమ వేశాను, వాళ్ళు చూస్తారు కనక. పాత మడమ రేపు లారీ డ్రైవరు చేతికి ఇచ్చి అక్కకి పంపుతున్నాను. ఆవిడకి ఉత్తరం రాయను, అది చాలు.

కొత్త మడమకి చుట్టూ ఆరు మేకులు ఉన్నాయి, లెక్క సరిపోతుంది. పై తోలు వెయ్యకముందే, కనపడకుండా, మధ్యలో ఇంకోటి కొట్టాను.